అజ్మాన్ గుర్రాలు ఎటు వెళ్లాయి? మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బు తెగల పొత్తులు, పగలు

(సభకు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి, రికార్డింగు నుంచి ఎత్తి రాసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. రండమ్మా, పర్వాలేదు, ఇంకా మొదలుపెట్టలేదు.

మీలో ఎంతమంది బార్కస్ వెళ్లారు? చాంద్రాయణగుట్ట దాటాక వస్తుందే, ఆ బార్కస్. ఓ, చాలా చేతులే లేచాయి. బార్కస్ జామకాయలు తిననివాళ్లు ఈ ఊళ్లో తక్కువ. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుగా? నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల బ్యారక్స్ అక్కడ ఉండేవి. బ్యారక్స్ అనే మాట జనం నోళ్లలో నలిగి నలిగి బార్కస్ అయింది. ఆ సిపాయిల్ని మనం చావూష్‌లు అన్నాం. వాళ్లు వచ్చింది హద్రమౌత్ నుంచి. అరేబియాకి దక్షిణపు అంచు అది, అప్పటి యెమెన్‌కి తూర్పున ఉండేది, ఇప్పుడు యెమెన్ దేశంలోనే భాగం.

అరబ్బు తెగల గురించి మాట్లాడతానని చెప్పి బార్కస్ కబుర్లు ఎందుకు చెబుతున్నానంటారా? ఇవాళ్టి కథకి ఒక చిన్న నమూనా మన ఊళ్లోనే ఉంది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అని ఒకాయన, పందొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువులో జమాదారు. ఇక్కడ సంపాదించిన డబ్బు అక్కడికి పంపి, అక్కడ పలుకుబడి పెంచుకున్నాడు. ఆ ఖుఐతీలకి ఆగర్భ శత్రువులు కథీరీలు. వాళ్ల నాయకుడు గాలిబ్ బిన్ ముహ్సిన్ ఎక్కడున్నాడు? ఆయనా హైదరాబాదులోనే, నిజాం కొలువులోనే! ఒకే దివాణంలో జీతాలు తీసుకుంటూ సముద్రం అవతల ఒకే రేవు కోసం కొట్టుకున్నారు. షిహ్ర్ అనే రేవుని 1866లో కథీరీలు పట్టుకుంటే, 1867లో ఖుఐతీలు లాక్కున్నారు. 1881లో ముకల్లా కూడా ఖుఐతీల చేతికి వచ్చింది. తర్వాత వాళ్లు బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. కథీరీలకి సముద్రపు దారి మూసుకుపోయింది.

1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఖుఐతీలు బ్రిటిష్ వైపు. మరి కథీరీలు ఎటు చూస్తారు? యెమెన్‌లో ఉన్న తుర్కుల వైపు, అంటే బ్రిటిష్ వాళ్లతో యుద్ధంలో ఉన్న ఉస్మానియా సామ్రాజ్యం వైపు చూశారు. లండన్ మీదో ఇస్తాంబుల్ మీదో ప్రేమ ఉండి కాదండీ. అవతలివాడు ఎటున్నాడో చూసుకుని రెండో వైపు నడిచారు. చివరికి 1918లో ఏడెన్‌లో బ్రిటిష్ వాళ్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒప్పందం రాయించారు.

ఇదొక్కటి మనసులో పెట్టుకోండి. తెగల మధ్య పగలు యుద్ధం తెచ్చినవి కావు. అవి అప్పటికే ఉన్నాయి, తాతల నాటి నుంచీ ఉన్నాయి. సామ్రాజ్యాల యుద్ధం వచ్చి వాటి మధ్యలో పడింది. మనం చదువుకున్న పుస్తకాల్లో కథ తిరగబడి ఉంటుంది: యుద్ధం వచ్చింది, తెగలు అందులోకి దూరాయి, ఎవరు బంగారం ఎక్కువిస్తే వాళ్ల వైపు దూకాయి అని. అరబ్బులు నిలకడ లేనివాళ్లు అని ఎన్ని చోట్ల రాశారో! ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఇవాళ నేను వచ్చింది ఆ మాట మీద మాట్లాడ్డానికే.

గోడ మీది పటం చూడండి. వెనకవాళ్లకి కనిపిస్తోందా? ఈ మధ్యలోది నజ్ద్. ఇక్కడ రియాద్, 1902లో అబ్దులజీజ్ ఇబ్న్ సౌద్ తిరిగి గెలుచుకున్నాడు. పైన హాయిల్, అది రషీద్ కుటుంబానిది, వాళ్ల వెనక షమ్మర్ తెగ. ఈ రెండు కుటుంబాలకీ క్షణం పడదు. పడమట ఎర్ర సముద్రం ఒడ్డున హిజాజ్: మక్కా, మదీనా, జెడ్డా. మక్కాకి అమీరు షరీఫ్ హుసేన్, 1908లో ఆయన్ని వేసింది ఉస్మానియా సుల్తానే. తూర్పున కువైట్, షేక్ ముబారక్ అల్ సబాది. ఆయన 1899లోనే బ్రిటిష్ వాళ్లకి రహస్యంగా రాసిచ్చాడు, పదిహేను వేల రూపాయలకి. పౌండ్లు కాదు, రూపాయలు, మన రూపాయలే. గల్ఫ్ వ్యవహారాలన్నీ అప్పట్లో భారత ప్రభుత్వం చూసేది.

ఇక తెగల సంగతి. ఒంటెల మంద ఉన్న తెగకి ఏం కావాలి? వానలు పడ్డ నెలల్లో ఎక్కడ పచ్చిక మొలిస్తే అక్కడికి వెళ్లిపోతుంది, పచ్చి మేత తిన్న ఒంటెకి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. ఎండాకాలం వస్తే? బావి దగ్గరికి రావాల్సిందే. ఆ బావి ఎవరిది? ఇంకోటి, ఎడారిలో గింజలు పండవు. గోధుమలూ ఖర్జూరాలూ బట్టా పట్నంలో కొనుక్కోవాలి. ఆ పట్నం ఎవరి చేతిలో ఉంది? ఏ తెగ ఎందుకు ఎటు వెళ్లిందో తెలియాలంటే ముందు ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. ఎండాకాలం ఏ బావి, గింజలు ఏ సంత? బంగారం సంగతి ఆ తర్వాత.

సరే, అజ్మాన్ కథకి వద్దాం. నేను చాలాకాలంగా వెంటపడుతున్న కథ ఇది, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

అజ్మాన్ తూర్పు అరేబియాలో పెద్ద తెగ. హసా ప్రాంతంలో, అంటే హుఫూఫ్ ఖర్జూర తోటల చుట్టూ తిరిగేవాళ్లు. వాళ్ల నాయకులు హిథ్లైన్ కుటుంబం. వాళ్లలో రాకాన్ అనే ఆయన్ని తుర్కులు పట్టుకుపోయి బాల్కన్లలో ఖైదు చేశారు. వీరుడు, కవి కూడా. ఆయన పద్యాలు ఆ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే తుర్కులంటే ఈ తెగకి ముద్దేమీ లేదు, గుర్తుపెట్టుకోండి.

1913లో ఇబ్న్ సౌద్ వచ్చి తుర్కుల్ని వెళ్లగొట్టి హసాని పట్టుకున్నాడు. మరి అజ్మాన్‌లు సంతోషించాలి కదా? సంతోషించలేదు. ఎందుకని? తుర్కులు పట్నంలో కూర్చుని ఉండేవాళ్లు, ఎడారి దాకా వాళ్ల చెయ్యి వచ్చేది కాదు. దారిన పోయే బిడారుల దగ్గర అజ్మాన్‌లు మామూలు వసూలు చేసుకునేవాళ్లు. ఇబ్న్ సౌద్ అలా కాదు. దారులు నావి, మామూళ్లు లేవు, మీరే నాకు జకాత్, అంటే మతం చెప్పిన పన్ను, కట్టాలి అన్నాడు. అజ్మాన్‌లకి దూరంగా ఉన్న ప్రభువు పోయి ఇంటి పక్కన ప్రభువు వచ్చాడు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఇబ్న్ సౌద్‌కి దాయాదులున్నారు. గద్దె మాదంటే మాదని వాదించే శాఖ. వాళ్లని అరాయిఫ్ అనేవాళ్లు. అరాయిఫ్ అంటే ఏమిటో తెలుసా? దోపిడిలో పోయి మళ్లీ దొరికిన ఒంటెలు. ఈ దాయాదులు రషీద్‌ల దగ్గర బందీలుగా ఉండి, తర్వాత దొరికారు కాబట్టి ఆ పేరు. ఈ శాఖకి మూలపురుషుడైన సౌద్ బిన్ ఫైసల్ తల్లి అజ్మాన్ తెగ ఆడపడుచు. అంటే అజ్మాన్‌లు వాళ్లకి మేనమామల వరస. కష్టం వస్తే మేనమామల ఇంటికి వెళ్లడం మనకి కొత్తా? వాళ్లకీ కొత్త కాదు.

ఇదీ పరిస్థితి, యుద్ధం మొదలైనప్పుడు. 1914 నవంబర్‌లో బొంబాయి నుంచి వెళ్లిన భారత సైన్యం బస్రా పట్టుకుంది. బ్రిటిష్ వాళ్లకి ఇబ్న్ సౌద్ కావాలి. కెప్టెన్ షేక్స్‌పియర్ అని, కువైట్‌లో పొలిటికల్ ఏజెంటుగా చేసినవాడు, ఇబ్న్ సౌద్‌కి స్నేహితుడు, మాట్లాడి రమ్మని ఆయన్ని పంపారు. అవతల ఇబ్న్ రషీద్‌కి తుర్కుల అండ. 1915 జనవరిలో జర్రాబ్ అనే చోట ఈ రెండు సేనలూ ఎదురుపడ్డాయి.

ఆ పొద్దు ఎలా ఉందో కాస్త ఊహించండి. ఇబ్న్ సౌద్ వైపు కాలిబంట్లు పట్నాల నుంచి వచ్చినవాళ్లు. గుర్రపు దళంలో ఎక్కువమంది అజ్మాన్‌లు. షేక్స్‌పియర్‌ని వెనక ఉండమని అంటే ఉండలేదు. అరబ్బు దుస్తులు వేసుకోమంటే వేసుకోలేదు. ఖాకీలోనే ఫిరంగి దగ్గర నిలబడ్డాడు. యుద్ధం ముదిరిన వేళ అజ్మాన్ గుర్రాలు పక్కకి తప్పుకుని వెళ్లిపోయాయి. ఆ పక్క ఖాళీ అయిపోయింది. షమ్మర్ గుర్రాలు మీదికి వచ్చాయి. షేక్స్‌పియర్ అక్కడే చనిపోయాడు, ముప్పై ఆరేళ్ల వయసులో. ఇరుపక్షాల బెదూయిన్లూ అవతలివాళ్ల గుడారాలు దోచుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఇంగ్లీషు కాగితాల్లో దీనికి ఒకే మాట: ద్రోహం. కానీ అజ్మాన్ రౌతు వైపు నుంచి ఒక్కసారి చూడండి. ఇబ్న్ సౌద్ గెలిస్తే హసాలో నా మెడ మీద కాడి ఇంకాస్త బిగుస్తుంది. ఇబ్న్ రషీద్ గెలిస్తే? హాయిల్ నాకు దూరం. ఇద్దరూ గెలవకపోతే నాకు మంచిది. ఇద్దరూ గెలవలేదు! ఆ రోజు వాళ్లు పక్కకి తప్పుకోవడంలో ఒక లెక్క ఉంది. మనకి నచ్చకపోవచ్చు. లెక్క మాత్రం ఉంది.

తర్వాత ఏమైంది? ఇబ్న్ సౌద్ ఊరుకుంటాడా. అదే ఏడాది ఎండాకాలంలో అజ్మాన్‌ల మీదికి వెళ్లాడు. కన్‌జాన్ అనే చోట, రాత్రిపూట, వాళ్లు కాచుకుని కొట్టారు. ఇబ్న్ సౌద్ గాయపడ్డాడు. తోడబుట్టిన తమ్ముడు సాద్ చనిపోయాడు. అది ఆయన ఆ తెగని ఎన్నడూ క్షమించని దెబ్బ. నెలల తరబడి హుఫూఫ్‌లో చిక్కుకుపోయాడు. కువైట్ ముబారక్‌ని సాయం అడిగాడు. ఇబ్న్ సౌద్ పిల్లవాడుగా ప్రవాసంలో పెరిగింది కువైట్‌లోనే. ముబారక్‌ని తండ్రీ అనేవాడు, ఆయన ఇతన్ని కొడుకా అనేవాడు. ముబారక్ తన కొడుకు సాలిం‌ని సైన్యంతో పంపాడు. అజ్మాన్‌లు ఓడి పారిపోతుంటే అదే సాలిం వాళ్లకి కువైట్‌లో ఆశ్రయం ఇచ్చాడు!

ఇక తండ్రీ లేడు, కొడుకూ లేడు. ఇద్దరూ బ్రిటిష్ మిత్రులే, ఒకరి పగవాడు ఇంకొకరి ఇంట్లో అతిథి. ముబారక్ 1915 నవంబర్‌లో పోయాడు. డిసెంబర్ 26న దారీన్‌లో ఇబ్న్ సౌద్ బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కువైట్‌లో ముబారక్ పెద్ద కొడుకు జాబిర్ వచ్చి అజ్మాన్‌లని వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లు ఉత్తరానికి నడిచారు, చివరికి బస్రా దగ్గర జుబేర్ పక్కన బ్రిటిష్ నీడలో చేరారు. జాబిర్ 1917లో పోయి సాలిం వచ్చాడు, మళ్లీ తలుపు తెరుచుకుంది. మూడేళ్లలో అయిదు చోట్లు. కాగితం మీద రాసుకుంటే వీళ్లెంత నిలకడ లేనివాళ్లు అనిపిస్తుంది. కానీ చూడండి, ఈ మూడేళ్లూ ఆ తెగ వెతికింది ఒక్కటే కదా? ఇబ్న్ సౌద్ చెయ్యి పడని చోట ఒక బావి. వాళ్లు దాన్నుంచి కదల్లేదు.

ఆయనెవరో అడుగుతున్నారు, మరి జిహాద్ ప్రకటించారు కదా, దాని మాటేమిటి అని. అవును, 1914 నవంబర్‌లో ఇస్తాంబుల్ జిహాద్ ప్రకటించింది. నిజమైన భక్తితో కదిలినవాళ్లు ఉన్నారు, ఇరాక్‌లో నజఫ్, కర్బలా పెద్దల మాట మీద వేలమంది వచ్చారు. ముంతఫిక్ తెగల నాయకుడు అజైమీ అల్ సాదూన్ తుర్కుల పక్షాన చేరాడు. 1915 ఏప్రిల్‌లో షైబా దగ్గర మూడు రోజుల యుద్ధం. తెగల వాళ్లు చాలామంది దూరంగా ఉండి చూశారు. తుర్కులు ఓడి వెనక్కి వెళుతుంటే ఆ తెగలే వాళ్ల మీద పడి దోచాయి. తుర్కు సేనాని సులేమాన్ అస్కరీ అది తట్టుకోలేక తుపాకితో కాల్చుకున్నాడు. అయితే అజైమీ మాత్రం? ఓడినా తుర్కులని వదల్లేదు. యుద్ధం తర్వాత దేశం విడిచి తుర్కియేలోనే స్థిరపడ్డాడు. నిలకడ లేనివాళ్లు అన్న మాట ఆయన ముందు నిలబడుతుందా?

ఇక్కడ ఒక్క మాట. మెసొపొటేమియాలో పోరాడిన ఆ సైన్యం మన దేశపు సైన్యం. మద్రాసు సాపర్స్ అనే ఇంజినీరింగు దళాల్లో మన తెలుగువాళ్లు వెళ్లారు, వంతెనలు కట్టారు, దారులు వేశారు. ఈజిప్టు, పాలస్తీనా వైపు హైదరాబాద్ లాన్సర్స్ వెళ్లారు. ఆరోజుల్లో ఏడో నిజాం, ముస్లింలు బ్రిటిష్ వాళ్లకి విశ్వాసంగా ఉండాలని ఫర్మానా ఇచ్చాడు. ఖలీఫా అయిన తుర్కు సుల్తాన్ ఒకవైపు, నిజాం ఒకవైపు. పాతబస్తీలో ఒక్కో ఇంట్లో ఎంత మథనపడి ఉంటారో. దాని మీద విడిగా ఒక రోజు మాట్లాడుకోవాలి.

పడమటికి వెళదాం, హిజాజ్‌కి. ఇక్కడ కథకి ఇరుసు రైలు.

డమాస్కస్ నుంచి మదీనాకి సుల్తాన్ రైలు వేశాడు. సుమారు 1,300 కిలోమీటర్లు, 1908లో మదీనా చేరింది. హజ్‌కి వెళ్లేవాళ్లకి ఎంత వరం! నెలకు పైగా ఒంటె మీద పోయే దారి కొన్ని రోజుల్లో అయిపోతుంది. కానీ ఆ ఒంటె ఎవరిది? మదీనాకీ మక్కాకీ మధ్య హర్బ్ అనే పెద్ద తెగ. యాత్రికులకి ఒంటెలు బాడుగకి ఇచ్చేది వాళ్లే. బిడారుని దోచుకోకుండా దాటనిచ్చినందుకు సర్కారు ఏటా సంచులు కట్టి డబ్బు పంపేది, సుర్రా అనేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే మామూలు. రైలు మక్కా దాకా వస్తే బాడుగా పోయె, మామూలూ పోయె. అందుకే ఆ రైలు మదీనా దాటలేదు. తెగలు ఒప్పుకోలేదు, షరీఫ్ హుసేన్ కూడా లోపల్లోపల ఒప్పుకోలేదు. రైలు వస్తే వెంట సైన్యం వస్తుందని ఆయనకి తెలుసు.

1916 జూన్‌లో హుసేన్ తిరగబడ్డాడు. అంతకుముందు ఏడాదంతా కైరోలో ఉన్న బ్రిటిష్ హై కమిషనర్ మక్‌మహన్‌తో ఉత్తరాలు నడిచాయి, స్వతంత్ర అరబ్బు రాజ్యం గురించి. అదే సమయంలో సైక్స్, పికో అని ఇద్దరు అధికారులు పటం మీద గీతలు గీసి ఆ భూముల్నే బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ పంచారు. అది అందరికీ తెలిసిన కథ, దాన్ని వదిలేస్తాను. నాకు కావలసింది హుసేన్ వెంట ఎవరు నడిచారు, ఎవరు నడవలేదు అన్నది.

హర్బ్ తెగ అంతా నడవలేదు. రాబిగ్ రేవు హర్బ్ షేక్ హుసేన్ బిన్ ముబైరిక్‌ది. బ్రిటిష్ ఓడలు షరీఫ్ కోసం అక్కడ దింపిన సామాను ఆయన తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు, తుర్కులతో కలిశాడు. షరీఫ్ కొడుకు అలీ వస్తే కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆయన వైపు నుంచి ఆలోచించండి. నా రేవు, నా బావులు. షరీఫ్ రాజైతే ఆ రేవు షరీఫ్‌ది అవుతుంది.

1917 జనవరిలో షరీఫ్ ఇంకో కొడుకు ఫైసల్ ఉత్తరాన వజ్హ్ రేవు వైపు కదిలాడు. ఆయన వెంట జుహైనా తెగ. వజ్హ్ ఎవరి నేల? బిల్లీ తెగది. జుహైనాకీ బిల్లీకీ పాత పగ. వేల మంది జుహైనా యోధులు తుపాకులతో బిల్లీ నేల మీదికి వస్తుంటే బిల్లీలు ఏమనుకోవాలి? తుర్కుల మీదికి వస్తున్నారనుకోవాలా, తమ మీదికి అనుకోవాలా?

ఫైసల్ చేసిన అసలు పని ఇదే అంటాను నేను. రైలు పట్టాల కింద మందు పెట్టడం అందరికీ తెలిసింది. రాత్రిళ్లు గుడారంలో కూర్చుని పగల పద్దు తేల్చడం ఎవరూ చెప్పరు. అది ఎలా ఉంటుందంటే, రెండు తెగల పెద్దలూ వస్తారు. కాఫీ తిరుగుతుంది. మీవాళ్లు మావాళ్లని ఎంతమందిని చంపారు, మావాళ్లు మీవాళ్లని ఎంతమందిని. పేరు పేరునా చెబుతారు. చావుకి చావు చెల్లు. మిగిలిన చావులకి దియా, అంటే నెత్తుటి వెల, ఒంటెల్లో. పోయిన గొడ్డూ గోదా లెక్క వేరే. కొన్ని పగలు తీరతాయి. కొన్ని తీరవు, వాటిని యుద్ధం అయ్యేదాకా పక్కన పెడతామని ప్రమాణం చేస్తారు. తీరకపోతే పక్కన పెట్టారు అన్న మాట గమనించండి. యుద్ధం అయ్యాక మళ్లీ తీసుకుంటారన్నమాట. బిల్లీల్లో చాలామంది ఫైసల్ వైపు వచ్చారు. వాళ్ల పెద్ద షేక్ సులేమాన్ రిఫాదా మాత్రం తుర్కులతోనే ఉండిపోయాడు. తెగ నిలువునా చీలింది.

హువైతాత్ తెగదీ అదే కథ. ఔదా అబూ తాయీ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1917 జూలై 6న తుర్కుల చేతిలోని అకబా రేవు పడింది ఆయన వల్లనే. అదే హువైతాత్‌లో ఇబ్న్ జాజీ శాఖకీ ఔదాకీ ఏళ్ల తరబడి పగ. ఔదా ఫైసల్ వైపు వస్తే ఇబ్న్ జాజీ వాళ్లు చాలాకాలం తుర్కుల వైపు. అకబా గెలిచిన కొన్ని వారాలకే ఔదా తుర్కులతోనూ ఉత్తరాలు నడిపాడు. అదే జూలైలో కరక్ పట్నంలో క్రైస్తవ కుటుంబాలూ ముస్లిం కుటుంబాలూ కలిసి దళం కట్టి తుర్కుల పక్షాన హువైతాత్‌ల మీదికి వెళ్లాయి. రైతుల పంటలు తొక్కించి పన్ను వసూలు చేసే హువైతాత్‌లు, వాళ్ల నుంచి కాపాడాల్సిన సర్కారు తుర్కులది. కరక్ రైతుకి విముక్తి ఎటువైపు ఉంది? మీరే చెప్పండి.

అరబ్బుల తిరుగుబాటులో ఉన్న బ్రిటిష్ అధికారి లారెన్స్ పేరు ఎత్తలేదేమని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. ఆయన ఉన్నాడు, తెలివైనవాడు, ధైర్యస్తుడు, బంగారం ఆయన చేతుల మీదుగానే చాలా వెళ్లింది. కానీ ఆ గుడారంలో ప్రమాణాలు చేసిన షేకులకి ఆయన చెబితే తెలిసే విషయాలు కావవి.

రువల్లా తెగ నాయకుడు నూరీ షాలాన్ గురించి చెప్పి ముందుకి వెళతాను. ఈయన్ని గోడ మీది పిల్లి అన్నారు. ఫైసల్‌కి మాట ఇచ్చాడు, తుర్కులతో తెంచుకోలేదు. ఎందుకు తెంచుకోలేదు? రువల్లా ఎండాకాలంలో డమాస్కస్ దరికి వస్తారు. వేల గుడారాలు, లెక్కలేనన్ని ఒంటెలు. నీళ్లక్కడ, గోధుమలు డమాస్కస్‌కి దక్షిణాన ఉన్న హౌరాన్ సంతల్లో. ఆ సంతలు తుర్కుల చేతుల్లో. ఒక్క ఎండాకాలం ఆ సంత మూస్తే పిల్లలు చచ్చిపోతారు. 1915 నుంచి సిరియాలో కరువు, వీధుల్లో జనం ఆకలితో పడి చనిపోతున్నారు. ఆ కరువులో తన తెగకి గింజలు సంపాదించి పెట్టాల్సిన పెద్దమనిషిని పిల్లి అనడానికి నాకు నోరు రాదు. 1918లో తుర్కుల పట్టు సడలిందని తెలిశాక బాహాటంగా ఫైసల్‌తో కలిశాడు, అక్టోబర్ 1న డమాస్కస్‌లో అడుగు పెట్టాడు.

ఇంక డబ్బిచ్చినవాళ్ల నిలకడ సంగతి చూద్దాం.

షరీఫ్ హుసేన్‌కి బ్రిటిష్ వాళ్లు నెలకి లక్షా పాతిక వేల పౌండ్ల బంగారం ఇచ్చారు, తర్వాత ఇంకా పెంచారు. అది కైరో వ్యవహారం. ఇబ్న్ సౌద్‌కి 1917 నుంచి నెలకి అయిదు వేల పౌండ్లు. అది భారత ప్రభుత్వం అధికారుల వ్యవహారం, వాళ్లలో పెర్సీ కాక్స్ చూసేవాడు. కైరో దృష్టిలో అరేబియాకి కాబోయే రాజు హుసేన్. భారత ప్రభుత్వానికి హుసేన్ అంటేనే గుబులు, మక్కాలో తిరుగుబాటంటే ఇక్కడి ముస్లింలు ఏమంటారో అని. వాళ్ల మనిషి ఇబ్న్ సౌద్. ఒకే రాజు పేరు మీద రెండు కచేరీలు, రెండు ఖజానాలు.

మధ్యలో ఖుర్మా. హిజాజ్‌కీ నజ్ద్‌కీ నడుమ ఖర్జూర తోటలున్న ఊరు. దాని అమీరు ఖాలిద్ బిన్ లువై, హుసేన్‌కి స్వయానా బంధువు, షరీఫుల వంశమే. ఆయన ఇఖ్వాన్ ఉద్యమంలో, అంటే ఇబ్న్ సౌద్ వెనక నడిచిన మతనిష్ఠగల బెదూయిన్ల ఉద్యమంలో కలిశాడు, ఇబ్న్ సౌద్ పక్షం వెళ్లాడు. 1918లో హుసేన్ మళ్లీ మళ్లీ సైన్యం పంపాడు, మళ్లీ మళ్లీ ఓడింది. తుర్కుల మీద యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, గుర్తుంచుకోండి! మదీనాలో తుర్కు సేనాని ఫఖ్రీ పాషా కోట వదలకుండా ఉన్నాడు, 1919 జనవరి దాకా వదల్లేదు. ఆయన లొంగిపోగానే హుసేన్ కొడుకు అబ్దుల్లా ఆ ఫిరంగులు తీసుకుని తూర్పుకి నడిచాడు, తురాబా అనే ఊరు పట్టుకున్నాడు. 1919 మే నెలాఖరులో ఒక రాత్రి ఇఖ్వాన్ వచ్చి పడ్డారు. నిద్రలో ఉన్న శిబిరం శిబిరమంతా పోయింది. అబ్దుల్లా పడుకున్న బట్టలతో తప్పించుకున్నాడు. చంపినవాళ్ల నాయకుడికీ చచ్చినవాళ్ల నాయకుడికీ జీతం ఇచ్చింది ఒకే సామ్రాజ్యం. నిలకడ గురించి రాసినవాళ్లు ఈ పద్దు కూడా రాయాలి.

అక్కణ్నుంచి కథ వేగంగా నడిచింది. 1921లో హాయిల్ పడింది, షమ్మర్‌లలో చాలామంది ఇరాక్ వెళ్లిపోయారు. 1924లో మక్కా, 1925లో జెడ్డా ఇబ్న్ సౌద్ చేతికి వచ్చాయి.

అజ్మాన్‌ల మాట చెప్పి ముగిస్తాను. వాళ్లు చివరికి ఇబ్న్ సౌద్‌కి లోబడ్డారు, ఇఖ్వాన్‌లో చేరారు, ఆయన కోసం పోరాడారు. 1929లో ఇఖ్వాన్‌లో కొన్ని తెగలు ఆయన మీద తిరగబడ్డాయి. అజ్మాన్ నాయకుడు దైదాన్ బిన్ హిథ్లైన్ అప్పటికి అందులో కలవలేదు. హసా గవర్నరు కొడుకు ఫహద్ ఆయన్ని మాట్లాడదాం రమ్మని తన శిబిరానికి పిలిచాడు. వెళ్లాడు. రానివ్వకుండా సంకెళ్లు వేశారు. చీకటి పడ్డా నాయకుడు తిరిగి రాలేదని తెగ శిబిరం మీదికి వస్తే, ఆ రాత్రే ఆయన్ని చంపేశారు. ఆ కొట్లాటలో ఫహదూ చనిపోయాడు. అప్పుడు తెగ మొత్తం తిరగబడింది.

ఓడిపోయి ఎటు వెళ్లారంటారు? మళ్లీ కువైట్ వైపే, పాత బావుల వైపే. ఈసారి కువైట్‌లో తలుపు తెరిచేవాళ్లు లేరు. వెనక ఇబ్న్ సౌద్ మోటారు కార్లు, పైన బ్రిటిష్ విమానాలు. 1930 జనవరిలో వాళ్ల కొత్త నాయకుడు నాయిఫ్ బిన్ హిథ్లైన్ మిగతా తిరుగుబాటు నాయకులతో పాటు బ్రిటిష్ వాళ్లకి లొంగిపోయాడు. ప్రాణాలకి హామీ తీసుకుని, ఆ నెలాఖరున వాళ్లని విమానం ఎక్కించి ఇబ్న్ సౌద్ శిబిరంలో దింపి వచ్చారు. జర్రాబ్‌లో గుర్రాలు పక్కకి తప్పుకున్న పొద్దుకీ ఆ విమానం దిగిన పొద్దుకీ మధ్య సరిగ్గా పదిహేనేళ్లు.